అడగని అప్పు ఉత్తరంగా ఇంటికొస్తే: మంజూరు పత్రాలు, ముందస్తు ఆమోదాలు, మన సంతకం

కూర్మన్నపాలెం నుంచి వచ్చిన ప్రశ్న సారాంశం ఇది. ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసిన తండ్రిగారి పేరిట నెల తిరగకుండా రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది స్పీడ్ పోస్టులో వచ్చింది. పైన మూడు సింహాల గుర్తు, కింద గుండ్రటి ముద్ర, ముద్రా పథకం కింద 8 లక్షల రూపాయలు 2 శాతం వడ్డీకి మంజూరైందని, 7 రోజుల్లో 14,750 రూపాయలు కట్టాలని, కట్టకపోతే రద్దు రుసుముతో పాటు చట్టపరమైన చర్య తప్పదని అందులో ఉంది. ఆ కవరును తల్లిగారు సంతకం పెట్టి తీసుకున్నారు. రెండో ఉత్తరం పింఛను జమయ్యే బ్యాంకు నుంచే వచ్చింది. 6 లక్షల వ్యక్తిగత రుణానికి ముందే ఆమోదం లభించిందని, ఫారం నింపి పంపితే చాలని దాని సారాంశం. అమ్మ సంతకం వల్ల అప్పు మెడకు చుట్టుకుంటుందా, ఈ ఉత్తరాలను ఏం చేయాలి, ఇకపై రాకుండా ఆపగలమా అని అడిగారు. అమెరికాలో ఉన్న అక్కగారికి ఏకంగా చెక్కే పోస్టులో వచ్చిందని, దాని సంగతీ చెప్పమని కోరారు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వరంగ బ్యాంకులో పని చేసి, చివరి తొమ్మిదేళ్లు గాజువాక, ద్వారకానగర్ శాఖల్లో రుణాల విభాగం చూసినవాణ్ణి కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా అమ్మగారి భయం తీర్చాలి. తపాలా ఉద్యోగి చేతిలోని కాగితం మీదో పరికరం మీదో పెట్టిన సంతకం, కవరు అందిందని చెప్పే రసీదు మాత్రమే. లోపల ఏముందో దానికి తెలియదు, దానితో సంబంధమూ లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒకరు ప్రతిపాదన చేయాలి, ఇంకొకరు దాన్ని అంగీకరించాలి, ఆ అంగీకారం ఎదుటివారికి తెలియజేయాలి. అప్పుడే ఒప్పందం పుడుతుంది. "మీరు 7 రోజుల్లో వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్లే భావిస్తాం" అని ఎవరైనా రాసినా ఆ భావన వారిదే తప్ప మీ బాధ్యత కాదు. మౌనం అంగీకారం కాదు. మన పెద్దలకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ప్రోనోటు మీద మనం సంతకం పెట్టనిదే, డబ్బు మన చేతికి రానిదే అప్పు పుట్టదు. రుణమే లేనప్పుడు దాన్ని రద్దు చేసినందుకు రుసుము ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి ఆ 14,750 రూపాయలు కట్టనందుకు ఎవరూ ఏమీ చేయలేరు.

అయితే ఇందులోనే అసలు మెలిక ఉంది. ఉత్తరం మనల్ని అప్పులోకి దించలేదు కానీ, దానికి మనం ఇచ్చే జవాబు దించగలదు. అందుకే ఇలాంటి కవరు తెరిచినప్పుడు నేను మొదట వడ్డీ శాతం చూడను. మన సంతకాన్ని, మన డబ్బును, మన గుర్తింపు పత్రాన్ని అడుగుతున్న కాగితం ఏదో చూస్తాను. మిగతాదంతా ఆ కాగితం దాకా మనల్ని నడిపించడానికి రాసిందే.

మీ మొదటి ఉత్తరం నిస్సందేహంగా మోసం. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను, ఎందుకంటే వచ్చే నెల ఇంకో పథకం పేరుతో ఇంకో ఉత్తరం రావచ్చు.

ముద్రా పథకం 2015 ఏప్రిల్ 8న మొదలైంది. ముద్రా సంస్థ నేరుగా ఎవరికీ అప్పు ఇవ్వదు. అప్పు ఇచ్చేది బ్యాంకులు, బ్యాంకేతర ఆర్థిక సంస్థలు, సూక్ష్మ రుణ సంస్థలు. వాటికి వెనుక నుంచి నిధులు సమకూర్చడం ముద్రా పని. తమకు ఏజెంట్లు, మధ్యవర్తులు ఎవరూ లేరని ఆ సంస్థే చెబుతుంది. పైగా ఆ పథకం చిన్న వ్యాపారానికి, ఉత్పత్తికి, సేవల యూనిట్లకు ఉద్దేశించింది. మొదట 10 లక్షలుగా ఉన్న గరిష్ఠ పరిమితిని 2024లో 20 లక్షలకు పెంచారు గనుక 8 లక్షలన్న అంకె నమ్మశక్యంగానే కనిపిస్తుంది. కానీ వ్యాపార ప్రతిపాదన ఇవ్వకుండా, ఏ బ్యాంకు గడపా తొక్కకుండా, పింఛనుతో జీవిస్తున్న ఒక విశ్రాంత ఉద్యోగికి వ్యాపార రుణం దానంతట అదే మంజూరు కాదు.

ఇక 2 శాతం వడ్డీ. బ్యాంకులు మన దగ్గర డిపాజిట్లు తీసుకుని మనకే ఏటా 6, 7 శాతం ఇస్తున్నప్పుడు, ఏ తాకట్టూ పూచీ లేకుండా 2 శాతానికి అప్పు ఇచ్చేవారు ఆ నష్టాన్ని ఎక్కడ పూడ్చుకుంటారు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, సగం ఉత్తరాలు చెత్తబుట్ట దారి పడతాయి.

మీరు పంపిన వివరాల్లో నాకు ఆసక్తి కలిగించింది 14,750 అన్న అంకె. 12,500 రూపాయలకు 18 శాతం జీఎస్‌టీ కలిపితే కచ్చితంగా 14,750 వస్తుంది. అంటే రాసినవాడు తెలివితక్కువవాడు కాదు. గుండ్రటి అంకె వేస్తే అనుమానం వస్తుందని, పన్నుతో సహా లెక్కగట్టి వేశాడు. అదే తెలివి జీఎస్‌టీ సంఖ్య దగ్గర చూపలేకపోయాడు. ఆ సంఖ్యలో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని, తరువాతి పది పాన్ సంఖ్యను సూచిస్తాయి. మన ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, మహారాష్ట్రకు 27. ఉత్తరంలో చిరునామా ముంబయి అని ఉందన్నారు, సంఖ్య మాత్రం 09తో మొదలవుతోంది. అది ఉత్తరప్రదేశ్‌ది. జీఎస్‌టీ పోర్టల్‌లో ఆ సంఖ్య కొట్టి చూస్తే ఎవరి పేరిట ఉందో, అసలు ఉందో లేదో తెలిసిపోతుంది. డబ్బు జమ చేయమన్న ఖాతా సంస్థ పేరిట కాక ఒక వ్యక్తి పేరిట ఉందని కూడా మీరే రాశారు. ఇంకా వేరే రుజువు ఎందుకు?

మూడు సింహాల గుర్తును చూసి నాన్నగారు ప్రభుత్వ పత్రమనుకోవడంలో తప్పు లేదు. ఆ నమ్మకాన్ని వాడుకోవడానికే దాన్ని ముద్రించారు. జాతీయ చిహ్నాన్ని అనధికారంగా వాడటం 2005 నాటి చట్టం ప్రకారం నేరం. రెండేళ్ల వరకు జైలు శిక్షకు అవకాశం ఉంది. రిజర్వు బ్యాంకు పేరు వాడినా అంతే అనుమానించాలి. రిజర్వు బ్యాంకు వ్యక్తులకు అప్పు ఇవ్వదు, వారి ఖాతాలు నిర్వహించదు, మీ రుణాన్ని ఆమోదించామని ఎవరికీ ఉత్తరం రాయదు.

ఈ మోసం ఒక విడతతో ఆగదని కూడా తెలుసుకోవాలి. మొదటి రుసుము కట్టాక బీమా ప్రీమియం అంటారు, తరువాత అభ్యంతరం లేదన్న ధ్రువపత్రం అంటారు, ఆపైన మొదటి వాయిదా ముందుగా కట్టాలంటారు. అప్పటికే పెట్టిన డబ్బు పోతుందన్న భయంతో మనిషి ఇంకా పెడుతూ పోతాడు. ఫోనులో ఒకసారి బెదిరింపు, ఇంకోసారి బతిమాలడం, అందితే జుట్టు అందకపోతే కాళ్లు అన్నట్టు ఉంటుంది వ్యవహారం. నా దగ్గరకు వచ్చిన వారిలో 2 లక్షల అప్పు కోసం నాలుగు విడతల్లో 90 వేలు పంపిన ఒక ఆటో యజమాని ఉన్నాడు. అడగకుండా వచ్చిన ఉత్తరమే అయినా, ఆ సమయానికి అతనికి కూతురి పెళ్లి ఖర్చు నెత్తిన ఉంది. అవసరం ఉన్న ఇంటికి చేరినప్పుడే ఈ ఉత్తరానికి బలం వస్తుంది.

ఇప్పుడు ఆ కవరును ఏం చేయాలి? చించేయకండి. చాలామంది కోపంతో చించి పారేస్తారు, లేదా తీసుకోకుండా తిప్పి పంపుతారు. మామూలు ప్రచార ఉత్తరమైతే తిరస్కరించడం మీ హక్కే, తపాలా ఉద్యోగికి వద్దని చెబితే పంపినవారికి తిరిగి వెళుతుంది. కానీ మోసపు ఉత్తరంలో కవరే సాక్ష్యం. స్పీడ్ పోస్టు కవరు మీద 13 అక్షరాల సంఖ్య ఉంటుంది, ఇంగ్లిషు E అక్షరంతో మొదలై ఐఎన్‌తో ముగుస్తుంది. తపాలా శాఖ వెబ్‌సైటులో ఆ సంఖ్య కొడితే ఏ ఊరిలో, ఏ పోస్టాఫీసులో, ఏ రోజున బుక్ చేశారో కనిపిస్తుంది. ఆ వివరాలు ఎల్లకాలం ఉండవు గనుక వెంటనే చూసి ఫోటో తీసి పెట్టుకోండి. ముంబయి సంస్థ ఉత్తరం ఇంకెక్కడో చిన్న ఊరి పోస్టాఫీసులో బుక్ అయి ఉంటే అది పోలీసులకు పనికొచ్చే ఆధారం.

డబ్బు కట్టలేదు గనుక మీకు నష్టం లేదు. అయినా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, ఆ ఖాతా సంఖ్య, ఫోను నంబరు ఇవ్వండి. మీలాంటి ఫిర్యాదులు రెండు మూడు చేరినప్పుడే ఆ ఖాతా మీద పోలీసుల దృష్టి పడుతుంది. రిజిస్ట్రేషన్ లేని ఆర్థిక సంస్థల గురించి తెలియజేయడానికి 2016లో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన సచేత్ పోర్టల్ కూడా ఉంది.

ఇరుగుపొరుగులో ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయడం, తన బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలియజేయడం, రెండూ అదే రోజు జరగాలి. డబ్బు ఖాతాల మధ్య చేతులు మారకముందే నిలిపివేయగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. మరుసటి రోజుకు అది నాలుగు ఖాతాలు దాటి ఉంటుంది. పోలీసు స్టేషన్ విషయంలో, నేరం ముంబయిలో జరిగింది కదా అక్కడికి వెళ్లండని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. మోసం చేసి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుంది, పాత 420 అంటే అందరికీ అర్థమవుతుంది.

డబ్బు పంపకపోయినా ఆధార్, పాన్ నకళ్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు పంపినవారు కూడా ఉంటారు. వారు చెక్కు చెల్లింపు నిలిపివేయమని బ్యాంకుకు ఆదేశం ఇవ్వాలి, ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోవాలి. ఇకపై ఎవరికి ఇవ్వవలసి వచ్చినా చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతిని, మీద ఎందుకు ఇస్తున్నారో, ఏ తేదీనో రాసి ఇవ్వడం మంచిది. జిరాక్స్ కాపీ మీద అడ్డంగా నాలుగు మాటలు రాయడానికి మనకు బద్ధకం. ఆ ఖాళీయే ఇంకొకరికి అవకాశం.

రెండో ఉత్తరం సంగతి వేరు. ముందు అది నిజంగా బ్యాంకు నుంచే వచ్చిందో లేదో తేల్చుకోండి. అందుకు ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోను చేయకూడదు. పాసు పుస్తకం మీద ఉన్న నంబరుకు చేయండి, లేదా నాన్నగారితో కలిసి శాఖకే వెళ్లండి. బ్యాంకేతర ఆర్థిక సంస్థ పేరుతో వచ్చిన ఉత్తరమైతే, రిజర్వు బ్యాంకు చట్టం 45-ఐఏ సెక్షన్ కింద రిజిస్టరైన సంస్థల జాబితాలో ఆ పేరు యథాతథంగా ఉందో లేదో రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో చూడవచ్చు. యథాతథంగా అని ఎందుకన్నానంటే, పేరున్న సంస్థ పేరుకు ఒక మాట ముందో వెనుకో తగిలించి అచ్చు వేయడం పాత ఎత్తు.

బ్యాంకుదే అని తేలిందనుకుందాం. ముందస్తు ఆమోదం అన్న మాటకు ఉత్తరంలో కనిపించినంత అర్థం లేదు. మీ ఖాతాలో నెలనెలా పడే పింఛను, మీ పాత రుణాల చెల్లింపు తీరు చూసి, ఇతనికి ఇంతవరకు ఇవ్వవచ్చునని బ్యాంకు కంప్యూటరు వేసిన అంచనా అది. కింద చిన్న అక్షరాల్లో షరతులు వర్తిస్తాయని ఉంటుంది. దరఖాస్తు చేశాక మళ్లీ పరిశీలిస్తారు, తక్కువ ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు, వడ్డీ పెంచవచ్చు. "10.5 శాతం నుంచి" అన్న చోట "నుంచి" అన్న మాట మీద వేలు పెట్టి, నాకు ఎంత అని అడగాలి.

వడ్డీ లెక్కలో ఉన్న తికమక కూడా చెప్పాలి, ఎందుకంటే శాఖలో కూర్చున్నప్పుడు అత్యధికులు మోసపోయింది ఇక్కడే అని గమనించాను. లక్ష రూపాయలు మూడేళ్లకు 12 శాతం ఫ్లాట్ రేటుకు తీసుకుంటే, మొత్తం వడ్డీ 36 వేలు, నెల వాయిదా 3,778 రూపాయలు. చూడటానికి 12 శాతమే. కానీ ప్రతి నెలా అసలు తగ్గుతూ వస్తుంటే, వడ్డీ మాత్రం మొదటి రోజున్న లక్ష మీదే వేస్తున్నారు. తగ్గుతున్న నిల్వ మీద లెక్కగడితే అదే వాయిదా సుమారు 21 శాతం వడ్డీకి సమానం. పైన ప్రాసెసింగ్ రుసుము, దానిపై జీఎస్‌టీ, అడగకుండానే చేర్చే బీమా. 6 లక్షలు మంజూరు చేసి వీటన్నిటినీ కోసుకుని 5 లక్షల 70 వేలు ఖాతాలో వేసినా వడ్డీ 6 లక్షల మీదే నడుస్తుంది. ఆ బీమా తీసుకుంటేనే రుణం ఇస్తామని శాఖలో ఎవరైనా అంటే, ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మనండి. రాసివ్వరు.

ఈ తికమక పోవడానికే 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు నిర్ణీత గడువుతో ఇచ్చే కొత్త రుణాలన్నిటికీ కీలక వివరాల పత్రం ఇవ్వడాన్ని రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసింది. రుసుములన్నీ కలుపుకుని ఏడాదికి నిజంగా పడే వ్యయ శాతం అందులో ఒకే అంకెగా ఉండాలి. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే నాన్నగారు తెలుగులో కావాలని అడగవచ్చు. వారం రోజులు, అంతకు మించిన గడువున్న రుణాలకు ఆ పత్రంలోని షరతులు కనీసం మూడు పని దినాలు మారకుండా ఉండాలి. ఆ పత్రంలో చూపని రుసుమును తరువాత మీ స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు. కాబట్టి ఈ రోజే సంతకం పెడితేనే ఈ వడ్డీ అని శాఖలో కుర్రవాడు తొందరపెడితే, అతని మీద కోపగించుకోకుండా, కీలక వివరాల పత్రం చేతికివ్వమని అడిగి ఇంటికి తెచ్చుకోండి. అతనికి నెలవారీ లక్ష్యాలుంటాయి. మీకు మూడు రోజులు ఉన్నాయి. అసలు అప్పు అవసరమే ఉంటే, వ్యక్తిగత రుణం కంటే పింఛనుదారుల రుణమో, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద రుణమో చవకగా దొరుకుతుందేమో అదే బ్యాంకులో అడగండి. ఉత్తరంలో ఆ సంగతి ఎవరూ రాయరు.

ఆ కవరులో ఇంకో కాగితం ఉంటుంది, మీ దగ్గర ఉందో లేదో చూడండి. నాచ్ మ్యాండేట్ అని పైన రాసి, ఖాతా సంఖ్య, సంతకం అడిగే చీటీ అది. దాని మీద సంతకం పెడితే నెలనెలా మీ ఖాతా నుంచి వాయిదా సొమ్ము తీసుకోవడానికి అనుమతి ఇచ్చినట్టే. అందులో గరిష్ఠ మొత్తం, ముగింపు తేదీ గడులు ఖాళీగా ఉంచి సంతకం మాత్రం పెట్టించుకోవడం నేను కళ్లారా చూశాను. ఖాళీ గడుల మీద సంతకం పెట్టడం ఖాళీ ప్రోనోటు మీద పెట్టడంతో సమానం.

సంతకం విలువ నాకు బాగా తెలిసొచ్చిన సంఘటన ఒకటి చెప్పి ముందుకు వెళతాను. గాజువాక శాఖలో ఉన్నప్పుడు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు 40 వేల చెక్కు తెచ్చి ఖాతాలో జమ చేయించారు. క్రెడిట్ కార్డు సంస్థ ఒకటి కొరియర్‌లో పంపిందని, మంచి ఖాతాదారుకు బహుమతి అనుకున్నానని తరువాత చెప్పారు. మరుసటి నెల కార్డు బిల్లులో వాయిదా పడింది. చెక్కుతో వచ్చిన ఉత్తరం వెనుక, దీన్ని జమ చేసుకుంటే రుణానికి అంగీకరించినట్టేనని రాసి ఉంది. నాలుగు నెలలు ఉత్తరాలు రాసి, అసలు తిరిగి కట్టాక, వడ్డీ, రుసుములు వెనక్కి వేయించగలిగాం. జమ చేసే రోజున ఆ ఉత్తరం వెనుక వైపు ఒకసారి తిప్పి చూడమని కౌంటరు దగ్గర నేనే అడిగి ఉండవలసింది. అడగలేదు.

అప్పటికే, అంటే 2005 నవంబరులోనే, అడగని కార్డులు, అడగని రుణాలు కార్డుదారులకు అంటగట్టకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశించి ఉంది. 2022 జూలై నుంచి అమల్లో ఉన్న కార్డుల ఆదేశాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. మీరు కోరని కార్డు పంపి, మీ సమ్మతి లేకుండా దాన్ని వాడుకలో పెట్టి బిల్లు వేస్తే, సంస్థ ఆ బిల్లును రద్దు చేయడమే కాక, రద్దు చేసిన మొత్తానికి రెండింతలు మీకు జరిమానాగా చెల్లించాలి. వచ్చిన కార్డును 30 రోజుల్లో మీరు వాడుకలో పెట్టకపోతే సంస్థ ఓటీపీ ద్వారా మీ సమ్మతి అడగాలి, సమ్మతి రాకపోతే ఖర్చు లేకుండా ఏడు పని దినాల్లో ఆ ఖాతా మూసేయాలి. కనుక ఆ ఓటీపీని ఫోనులో ఎవరికీ చదివి వినిపించకూడదు. ఈ కాలంలో సంతకమంటే అదే. కార్డుదారుకు కోరకుండా రుణ సదుపాయం కల్పిస్తే, అతను అభ్యంతరం చెప్పిన వెంటనే ఉపసంహరించుకోవాలి, ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్ సబబని తేల్చిన జరిమానా కట్టాలి.

నిజమైన బ్యాంకు లేదా రిజిస్టరైన సంస్థ ఇలా తప్పు చేసినప్పుడు ముందు ఆ సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. దేశమంతటికీ ఒకే అంబుడ్స్‌మన్ విధానం 2021 నవంబరు 12న ప్రారంభమైంది. ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాది అక్కర్లేదు. ఆన్‌లైన్ రాని పెద్దవారు చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు కార్యాలయానికి పోస్టులో పంపవచ్చు. సందేహాలకు 14448 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ మొదటి ఉత్తరం లాంటివాటిని మాత్రం అంబుడ్స్‌మన్‌కు పంపి లాభం లేదు. ఆయన పరిధి రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థల వరకే, దొంగల మీద ఆయనకు అధికారం లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి కూడా ఉంది, సలహాకు 1915 ఉంది, అయితే ఈ తరహా విషయాల్లో అంబుడ్స్‌మన్ దారే దగ్గర.

నాన్నగారి పేరిట ఆయనకు తెలియకుండా ఎవరైనా రుణం తీసుకున్నారేమో చూసుకోవడం మీరు ఈ వారంలోనే చేయవలసిన పని. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, మన అప్పుల, చెల్లింపుల చరిత్రను నమోదు చేసే ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి క్రెడిట్ నివేదిక ఉచితంగా ఇవ్వాలి. నాలుగింటిని ఒకే రోజు తీసుకోకుండా మూడు నెలలకొకటి తీసుకుంటే ఏడాది పొడవునా కాపలా ఉన్నట్టే. నివేదికలో స్కోరు కంటే విచారణల భాగం ముఖ్యం. మీరు ఎన్నడూ వెళ్లని సంస్థ మీ వివరాలు రుణం కోసం అడిగినట్టు అక్కడ ఉంటే, ఎవరో మీ పేరుతో దరఖాస్తు చేశారన్నమాట. వచ్చిన ప్రతి ఉత్తరానికీ సరదాగా ఫారం నింపి పంపేవారికి కూడా ఇక్కడే దెబ్బ తగులుతుంది, దరఖాస్తుకో విచారణ చేరి స్కోరు తగ్గుతుంది. తప్పు ఉంటే ఆ సంస్థకే అభ్యంతరం పంపండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది.

ఉత్తరాలు రాకుండా ఆపడం గురించి అడిగారు. ఫోన్లు, సందేశాల విషయంలో 1909కి చెప్పి ప్రచారాలను నిలిపివేయించుకోవచ్చు. నిజమైన బ్యాంకులు ఖాతా వ్యవహారాలకు 1600తో, ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లు వాడాలన్న నియమం కూడా వచ్చింది. కాగితం ఉత్తరాలకు మాత్రం అలా ఒకే చోట నమోదు చేసుకునే ఏర్పాటు మన దగ్గర లేదు. అది లోటే. బ్యాంకు వారీగా రాసుకోవలసిందే. నా ఖాతాదారులకు నేను రాసిపెట్టే నాలుగు వాక్యాలు ఇవి: "నా ఖాతా వివరాలను, చిరునామాను రుణాలు, కార్డులు, బీమా ప్రచారానికి వాడుకోవడానికి నేను ఇంతకు ముందు ఏ ఫారంలోనైనా ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకుంటున్నాను. నా వివరాలను మీ అనుబంధ సంస్థలకు గానీ ఇతరులకు గానీ ప్రచారం కోసం ఇవ్వవద్దు. నేను రాతపూర్వకంగా కోరనిదే నా పేరిట ఏ రుణ సదుపాయమూ తెరవవద్దు. ఈ అభ్యర్థన నమోదు చేసినట్టు లిఖితపూర్వకంగా తెలియజేయగలరు." రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద శాఖ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి తటపటాయిస్తే, 2014లో రిజర్వు బ్యాంకు ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలో గోప్యత హక్కు ఉందని గుర్తు చేయండి, ఆ పత్రం చాలా శాఖల్లో గోడకే తగిలించి ఉంటుంది.

చివరగా అక్కగారి చెక్కు. అది మోసం కాకపోవచ్చు, అయినా ప్రమాదమే. అమెరికాలో కొన్ని రుణ సంస్థలు నిజమైన చెక్కునే పోస్టులో పంపుతాయి. వెనుక సంతకం చేసి బ్యాంకులో వేసుకున్న క్షణం నుంచి అది అప్పు, షరతులన్నీ ఒప్పుకున్నట్టే. గాజువాక మాస్టారి కథే పెద్ద అక్షరాల్లో. అక్కడ 1958లో ఫ్రెస్నో అనే ఊరిలో బ్యాంక్ ఆఫ్ అమెరికా 60 వేల క్రెడిట్ కార్డులను ఎవరూ అడగకుండానే ఇళ్లకు పంపింది. అలాంటి పంపకాల మీద విమర్శలు పెరిగి 1970లో అడగని కార్డులను నిషేధించారు గానీ, ఆ నిషేధం చెక్కుల రూపంలో వచ్చే రుణాలకు వర్తించలేదు. అందుకు బదులు అక్కడి క్రెడిట్ నివేదికల చట్టం ఇంకో హక్కు ఇచ్చింది. నివేదికల సంస్థలు తన పేరును ఇలాంటి ప్రతిపాదనల జాబితాల్లో చేర్చకుండా ఆపమని కోరవచ్చు. ఫోనులోనో ఆన్‌లైన్‌లోనో అడిగితే అయిదేళ్లు, సంతకం చేసిన పత్రం పంపితే శాశ్వతంగా ఆ జాబితాల నుంచి పేరు తీసేస్తారు. అందుకు వాడే నంబరు 1-888-567-8688. కాగితం ఉత్తరాల విషయంలో మనకు లేని ఏర్పాటు అదే.

అక్కగారికి ఆ అప్పు అక్కర్లేకపోతే చెక్కును సగానికి చించి పారేయడం చాలదు, సంఖ్యలు, పేరు చదవలేనంత చిన్న ముక్కలు చేయాలి. ఇల్లు మారుతున్నట్లయితే ముందుగానే తపాలా శాఖకు కొత్త చిరునామా ఇవ్వమనండి. పాత ఇంటి పెట్టెలో పడిన చెక్కును ఇంకొకరు తీసి ఆమె సంతకం వేసి మార్చుకుంటే ఆ డబ్బు ఆమె కట్టనక్కర్లేదు గానీ, సంతకం తనది కాదని రుణ సంస్థకు, పోలీసులకు, అక్కడి మూడు క్రెడిట్ నివేదికల సంస్థలకు విడివిడిగా రాసి నిరూపించుకునే పని మాత్రం ఆమెదే అవుతుంది.